మిరప కళ్లంలో తల్లి బొమ్మ

హైదరాబాదు

ప్రియమైన అక్కకు, నీ చెల్లెలు సువార్త వందనాలు.

అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? బావగారి దగ్గు తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, నిజంగా బాగానే ఉన్నాను. పొద్దున పూట చలి ఎక్కువ. మెస్సులో కూరలన్నీ చప్పగా ఉంటాయి. పొదిలి నుంచి ఎవరైనా వస్తుంటే పండుమిరప పచ్చడి పంపించు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక పలకరించే మనిషి ఉండదు, అదొక్కటే దిగులు.

గుంటూరు ప్రెస్సులో నా బొమ్మల కింద తన పేరు వేసుకున్న ప్రభాకరం గుర్తున్నాడా? అదేమని అడిగితే, "కూలోళ్ల పిల్లవి, నీకు పేరెందుకే?" అని అందరి ముందూ నవ్వాడు. పోయిన వారం పని కోసం మా పత్రికకే వచ్చాడు. కథలకు వేసిన బొమ్మలు చూసి సరిచేయించే పని ఇప్పుడు నాది. నన్ను చూడగానే అతని మొహం పాలిపోయింది. నాకు కడుపు నిండింది అక్కా.

బొమ్మ వెయ్యమని అతనికో కథ ఇచ్చారు. మిరప కళ్లం నిప్పంటుకుంటే ఒక కూలీ తల్లి బిడ్డ కోసం వెతుక్కునే కథ అది. అతను మంటను ఆకాశమంత వేశాడు. తల్లి ఓ మూలన జడైనా చెదరకుండా నిలబడి ఉంది.

అందరికీ వినపడేలా అన్నాను: "ఈవిడ బిడ్డను వెతుకుతోందా, ఫొటోకి నిలబడిందా? కథ మంటది కాదండీ, తల్లిది. ఆవిణ్ణి ముందుకు తీసుకురండి. కొంగు జారనివ్వండి. ఎటు పరిగెత్తాలో తెలియనట్టుండాలి."

తలొంచుకుని వెళ్లి, మళ్లీ వేసుకొచ్చాడు. మళ్లీ తిప్పి పంపాను. చెప్పిన ప్రతి మాటా నిజమే, కానీ చెప్పింది అతన్ని ఏడిపించడానికి.

చివరికి తెచ్చిన బొమ్మను తిప్పి పంపలేకపోయాను. అచ్చం మన కళ్లాల్లో ఆడమనిషే. ఎడిటరు గారు చూసి ముఖచిత్రంగా వేద్దామన్నారు.

ప్రభాకరం నా బల్ల దగ్గరకొచ్చి, "మంచి దారి చూపించావమ్మా" అన్నాడు.

"మీ కోసం కాదండీ, ఆ తల్లి కోసం" అన్నాను.

ఓడిద్దామని చెప్పిన మాటలే అతన్ని గెలిపించాయి. నా కోపం మాత్రం అట్లాగే ఉంది.

అమ్మకు, బావగారికి, పాస్టరు గారికి నా వందనాలు చెప్పు. నా కోసం ప్రార్థన చెయ్యి అక్కా. కానీ అతన్ని క్షమించే మనసు నాకిమ్మని మాత్రం అడగొద్దు. అది కావాలనిపించిన రోజున నేనే అడుక్కుంటాను.

నీ దీవెనలు కోరే
సువార్త