కలరా ఉండల వాసన

అక్కా,

అమ్మ నిన్న పార్సిల్లో పంపిన నా చిన్నప్పటి చొక్కాలు బాబుకు తొడగొద్దు. అసలు ఆ మూట ఇంట్లోకే రానివ్వొద్దు. ఫోన్ చేస్తే బావ "ఏం కరపత్రాల డాక్టరూ, ఈసారి దేని మీద పోరాటం?" అని నవ్వి పెట్టేశాడు. ఒళ్లు మండి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ బట్టలు ఇన్నేళ్లూ కలరా ఉండల మధ్యే ఉన్నాయి. రక్తకణం చక్కెరను ఒక దారిలో నడిపించి తన రక్షణ తనే తయారుచేసుకుంటుందట. ఆ దారిలో మొదటి మెట్టు ఎక్కించే ఎంజైము నాకు తక్కువ. పోయినేడు మలేరియా మాత్ర మింగి నేను కామెర్లతో పచ్చబడింది అందుకే. అలాంటి కణాలను కలరా ఉండల వాసన కూడా పగలగొడుతుందని ఆసుపత్రి కరపత్రంలో ఉంది. ఈ లోపం తల్లి నుంచి కొడుక్కి వస్తుందనీ అందులోనే ఉంది. నీ ద్వారా బాబుకూ వచ్చి ఉండొచ్చు. వెంటనే రక్తపరీక్ష చేయించు.

అమ్మ మీద అరిచాను. "ఆ ఉండల వాసనలోనే పెరిగావు, చచ్చావా?" అంది. పుట్టగానే నేను పచ్చబడి ఆసుపత్రి పాలైన సంగతి గుర్తుచేశాను. అమ్మ నా చేతిలోని కరపత్రం వంక చూసి, "అయితే ఇది నా నుంచే వచ్చిందా?" అని అడిగింది.

నిజం దాచడం నేరమని ఊరందరి మీదా ఎగిరేవాణ్ణి, కరపత్రం చేతిలో పెట్టుకునే "ఇందులో అలా లేదమ్మా" అన్నాను.

అమ్మ నిన్ను అడిగినా అదే చెప్పు.

నీ తమ్ముడు