తమ్ముడి విదేశం, అమ్మవారి యాట

శామీర్‌పేట,
జూన్ 12

చిరంజీవి నర్సయ్యకు, పెద్దక్క దీవెనలు.

నువ్వు బయలుదేరిన గురువారం పొద్దున నాకు ఇంకా కళ్లముందే ఉంది. నాలుగున్నరకు లేచి వాకిలి ఊడ్చి, దీపం పెట్టాను. నువ్వు చాయ్‌ని రెండుసార్లు చల్లార్చి మూడోసారి వేడి చేయించుకున్నావు. అమ్మ నీ పెట్టెలో సకినాల డబ్బా పెట్టింది. నువ్వు తీశావు. మళ్లీ పెట్టింది. కుర్మయ్య తన మందలోంచి పొట్టేలును తెచ్చి జామచెట్టుకు కట్టాడు. నువ్వు విమానమెక్కి జర్మనీలో క్షేమంగా దిగితే గండిమైసమ్మకు యాటనిస్తానని నేను మొక్కుకున్నానుగా, ఆ యాట ఇదే. తత్త్వశాస్త్రం సారు పరదేశం పోతున్నాడని ఊరంతా డప్పు కొట్టించి శాలువా కప్పింది. కారు కదిలేటప్పుడు నువ్వు నా మొహం చూడలేదు.

ఫోన్ ఆలోచనకు అడ్డమని మూసేశావు. కొంపల్లిలో నీ స్నేహితుడు అన్వేష్ ఇంటికి రాస్తే అతనే చేరుస్తాడన్నావు. రాస్తున్నాను. దిగావా?

నీ పెద్దక్క,
వినోద

తా.క. యాట నీ గదిలో దూరి ఒక తత్త్వశాస్త్ర పుస్తకం తిన్నది. అట్ట వదిలేసింది.

*

జర్మనీ,
జూన్ 16

పూజ్యురాలైన పెద్దక్కకు తమ్ముడి నమస్కారాలు.

క్షేమం. పరదేశం మనిషి ఆలోచనను ఎలా మారుస్తుందో వస్తే గాని తెలియదు. ఇక్కడ లోపలికి పోవాలంటే గేటు దగ్గర పేరు రాయించాలి. ఎదురింటివాళ్లు తలుపు తీసి, నన్ను చూసి, మళ్లీ వేసుకుంటారు. కుక్కలకు చొక్కాలు తొడిగి తిప్పుతారు. నాకు నిద్ర లేదు. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతున్నాను. 'నేనెవరు' అనే పాఠం ఇరవై ఏళ్లు చెప్పాను అక్కా. ఇక్కడ నన్ను ఆ ప్రశ్న అడిగినవాడు వాచ్‌మన్ ఒక్కడే. జవాబు రాలేదు.

మొక్కు తీర్చేయి.

నీ తమ్ముడు,
వెంకటనర్సయ్య

తా.క. నిన్న ఇక్కడ పెద్ద వాన. రెండు గంటలు కరెంటు లేదు. ఆ అట్టనైనా దాచిపెట్టు.

*

శామీర్‌పేట,
జూన్ 24

చిరంజీవి తమ్ముడికి, అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం జర్మనీ నుంచి మూడు రోజులకే వచ్చింది. సంతోషం. ఆదివారం యాటను ఆటో ఎక్కించి గండిమైసమ్మకు బయలుదేరాను. కొంపల్లి దాకా పోయి వెనక్కి వచ్చాను. మనసు ఒప్పలేదు.

వాకిట్లో కుర్మయ్య ఎదురయ్యాడు. "ఏందక్కా, యాట మళ్ల వాపస్ వచ్చింది? తమ్మునికేమన్న అయిందా?" అన్నాడు. "ఇంకా ఏం కాలేదు" అన్నాను. ఆ 'ఇంకా'ను పట్టుకుని ఊరంతా పరేషాన్ అయింది. సాయంత్రానికి నలుగురు ఆడవాళ్లు వచ్చి అమ్మ పక్కన కూర్చుని ఏమీ మాట్లాడకుండా పోయారు. అమ్మ భయపడింది. "మొక్కు తీరేదాక నాకు బువ్వ వద్దు" అని అంబలి మాత్రం తాగుతోంది.

దేవుడు చల్లగా చూడాలి.

వినోద

తా.క. ఇక్కడా నువ్వు చెప్పిన రోజే వాన, కరెంటు పోయింది. నీ పేరున పూజ చేస్తామని ఊరివాళ్లు ఫొటో అడిగారు. ఇచ్చాను. దండ తేవద్దన్నాను.

*

జర్మనీ,
జులై 1

అక్కా,

నేను బతికే ఉన్నాను! అందరికీ చెప్పు. మొక్కు ఎందుకు ఆపావు? నేను రాసిన దానిలో ఏ మాట నీకు అనుమానం కలిగించింది?

అసలు ప్రయాణం అంటే ఏమిటి? దేహం కదలడమా, దృష్టి కదలడమా? వేల మైళ్లు ఎగిరినా కొందరి దృష్టి జానెడు కదలదు. నా దృష్టి ఈ నెలలో ఎంత దూరం వచ్చిందో నాకే భయంగా ఉంది. అమ్మవారు చూసేది దృష్టినే గాని విమానం టికెట్టును కాదు. కాబట్టి ఈ ఆదివారమే యాటనివ్వు. అమ్మకు అన్నం పెట్టు.

నీ తమ్ముడు

తా.క. సకినాలు అయిపోయాయి. ఇక్కడి అంగడిలో దొరికేవి గట్టిగా ఉన్నాయి.

*

శామీర్‌పేట,
జులై 6

నర్సయ్యా,

రెండుసార్లు చదివాను. అమ్మవారికి అంత తత్త్వం చెప్పడం నాకు రాదు. నేను మొక్కింది విమానానికే. 'ఎక్కాను, దిగాను' అని ఒక్క మాట నీ చేత్తో రాయి. మర్నాడే తీరుస్తాను.

అక్క

తా.క. నిన్న అమ్మ వాకిట్లో కళ్లు తిరిగి కూలబడింది.

*

కొంపల్లి,
జులై 8

అక్కా,

ఎక్కలేదు.

వీసా రాదని ముందురోజే తెలిసింది. అప్పటికే శాలువా కొన్నారు, డప్పువాళ్లను మాట్లాడారు. నోరు రాలేదు. నేను ఆ కారు దిగింది అన్వేష్ ఫ్లాటు దగ్గర. నెల రోజులుగా ఇక్కడే ఉన్నాను.

జర్మనీ అబద్ధం. నిద్ర లేకపోవడం, వాచ్‌మన్, ఆ ప్రశ్న నిజం. మన ఊళ్లో కప్పిన శాలువాను చూసుకుని నేనెవరో నాకు తెలుసనుకున్నాను. ఇక్కడ నేనెవరినీ కాదు. ఇంటికి ఇంత దగ్గరలో ఇంత పరదేశం ఉందని తెలియదు.

అమ్మకు ఏ మొహంతో చెప్పను?

నర్సయ్య

తా.క. అమ్మ తిన్నదా?

*

శామీర్‌పేట,
జులై 10

చిరంజీవి తమ్ముడికి,

నాకు ఆ ఆదివారమే తెలుసు. కొంపల్లి సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది. నువ్వు లుంగీ మీద, పాల ప్యాకెట్టు, కొత్తిమీర కట్ట పట్టుకుని రోడ్డు దాటావు. యాట నిన్ను గుర్తుపట్టి అరిచింది కూడా. నువ్వు తిరిగి చూడలేదు. జరగనిదానికి మొక్కు ఎలా తీర్చను? వెనక్కి తిప్పించాను. నువ్వే చెప్తావని ఆగాను. అమ్మ అన్నం మానుతుందనుకోలేదు. అది నా తప్పు. దీపం ముందు చెప్పుకున్నాను.

ఇవాళ పొద్దున నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను.

"కొంపల్లి దాకనేనా పోయిండు?"

"అవునమ్మా."

"గంతదానికి యాట ఎందుకే? కోడి సాలు. ముందుగాల నాకు బువ్వ పెట్టు."

మారు వడ్డించుకుని తిన్నది.

సాయంత్రం అందరం కూర్చున్నాం. కుర్మయ్య కూడా వచ్చాడు. తేల్చింది ఇది. ఆదివారం గండిమైసమ్మకు కోడి. నువ్వు ప్యాంటు వేసుకుని గుడి దగ్గరికి రావాలి. ఊరికి నీ నోటితో నువ్వే చెప్పాలి. యాట మొక్కు మాత్రం అలాగే ఉంటుంది, నువ్వు నిజంగా విమానం ఎక్కి దిగే రోజుకు. అప్పటిదాకా చెరువు పక్కన దాన్ని మేపేది నువ్వే.

నీ పెద్దక్క,
వినోద

తా.క. వాచ్‌మన్ సంగతి కూడా అమ్మే తేల్చింది. "మళ్ల అడిగితే నా పేరు చెప్పి, శామీర్‌పేట దుర్గమ్మ కొడుకునని రాయించుమను" అన్నది.