మైకుగారి కెమెరా

పండగకి ముందు ఆదివారం

ఈ రోజు నుంచి మౌనం! నగరం పుట్టినరోజు పండగ ముగిసేదాకా వీధిలో ఒక్క ప్రసంగం కూడా చేయను. ఫొటోలు తీస్తాను. అంతే. ఆమెన్.

కారణం రాసిపెట్టుకోవాలి. నిరుడు ఊరేగింపుకి అడ్డంగా స్టూలు వేసుకుని దేవుడి వాక్యం చెప్పాను. వెనక డప్పులవాళ్ళు ఆగిపోయారు. వాళ్ళ వెనక గుర్రం ఆగింది. ఊరికే ఆగిందా? పక్క బండికి కట్టిన కాగితం పూలన్నీ నమిలేసింది. ఎన్ని ఆత్మలు కదిలాయో తెలియదు గానీ, అప్పటినుంచి వీధంతా నన్ను ‘మైకుగారు’ అంటోంది. నాకు మైకే లేదు!

ఈసారి మా అత్తగారికి రాణి వేషం దక్కింది. పూర్వం వరదలో మునిగిపోతున్న జనం కోసం కోట తలుపు తీయించిన రాణి. కోట మేడ మీద నిలబడి తాళంచెవి ఎత్తి చూపించాలి. పండగ సంఘం కార్యదర్శి మా పక్క కొట్టు దర్జీయే. ఒకటే షరతు పెట్టాడు: “మీ అల్లుడి ప్రసంగం ఒక్క ముక్క వినపడిందా, మిమ్మల్ని మేడ మీంచి దించేస్తాను.”

అత్తగారు నన్ను కూర్చోబెట్టి చెప్పారు. “అల్లుడుగారూ, నా పెళ్ళి ఫొటోలో కళ్ళు మూసుకున్నాను. గుర్తింపు కార్డులో మూసుకున్నాను. మీ పెళ్ళి ఫొటోలో నిలబడే నిద్రపోతున్నానన్నారు. ఈ వయసుకి కళ్ళు తెరిచిన ఫొటో ఒక్కటి లేదు. రాణిగా ఒక్కటి కావాలి. మీరే తీయాలి.”

“నేనా?”

“చేతిలో కెమెరా ఉంటే నోరు ఊరుకుంటుందని మీ ఆవిడ అంటోంది.”

వంటగదిలో మా ఆవిడ నవ్వింది. నాకు వినపడాలనే.

సోమవారం

బావమరిది కెమెరా ఇచ్చాడు. దాంతో వచ్చిన పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివి ఎర్ర పెన్సిలుతో గీతలు గీశాను. నాకు వాక్యం ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు! నా తాళాల కొట్టులో కూర్చుని నాకు నేనే నేర్చుకున్నాను. ఇదీ అంతే. ‘వెలుగు చాలకపోతే రూపం రాదు’ అని రాసి ఉంది. ఎంత మాట! దీని మీద గంటసేపు... వద్దు. మౌనం.

కెమెరా సంచిలో రెండో లెన్సు పెట్టే అరలో నా పరిశుద్ధ గ్రంథం సరిగ్గా పట్టింది. ఆ లెన్సు జేబులో వేసుకున్నాను.

అత్తగారి తాళంచెవి కూడా కోశాను. జానెడు పొడవు, ఇత్తడి. అట్టతో చేస్తే చాలన్నారు. ఉత్తుత్తి తాళంచెవి చేయడం నా వల్ల కాదు! మేడ మీది తలుపుకి సరిపోయేలా చేశాను.

పండగ మొదటి రోజు, మధ్యాహ్నం

జయం! బాకాలవాళ్ళు, బొమ్మల బండ్లు, కొయ్యకాళ్ళ మీద నడిచే మనిషి, బెలూన్ల ముసలాయన, అందరినీ తీశాను. ఒక్క వాక్యం చెప్పలేదు.

“మైకుగారూ, ఒంట్లో బాగుందా?” అని రొట్టెల కొట్టాయన జాలిగా అడిగాడు.

అదే రోజు, సాయంత్రం

ఫొటోలు చూశాం. అయ్యో! అందరి తలలూ వంగి ఉన్నాయి. అందరి కళ్ళూ మూసి ఉన్నాయి!

“ఇది పండగా, సంతాపసభా?” అంది మా ఆవిడ. “తీసేముందు వాళ్ళతో ఏమన్నారు?”

“సిద్ధమా అన్నాను.”

“తర్వాత?”

“తర్వాత... తలలు వంచి కళ్ళు మూసుకుందాం అన్నాను.”

ఇన్నేళ్ళ అలవాటు! కొయ్యకాళ్ళ మనిషి కూడా మూసుకున్నాడట, వెళ్ళి బెలూన్ల మీద పడ్డాడట. అయినా అది ప్రసంగం కాదు, ప్రసంగానికి ముందుమాట. పైగా వీధి వీధంతా తల వంచింది! గర్వపడకూడదు. కొంచెం పడ్డాను.

రెండో రోజు

రొట్టెల కొట్టాయనకి పిండి పొంగడం గురించి నాలుగు మాటలు చెప్పాను. అది సంభాషణ. ఆయనా “ఊ” అన్నాడుగా!

ఒంటికి వెండిరంగు పూసుకుని విగ్రహంలా నిలబడే మనిషి కనిపించాడు. కదలడు, అడ్డురాడు, మధ్యలో వెళ్ళిపోడు. ఇలాంటి శ్రోత కోసం ఎన్నాళ్ళు ప్రార్థించాను! గొంతు తగ్గించి కాస్త చెప్పాను. కాస్తంటే, క్షమాపణ గురించి మొత్తం. వెండి చెంప మీద ఒక చార దిగింది.

“మైకుగారూ! పెదవులు కదులుతున్నాయి!” వీధి అవతలి వైపు నుంచి దర్జీ అరిచాడు.

“పాట పాడుకుంటున్నాను!”

అబద్ధం. క్షమించు తండ్రీ.

సాయంత్రం ఇంట్లో సాధన. అత్తగారు దుప్పటి కప్పుకుని నిలబడ్డారు. కెమెరా టక్కుమనగానే రెప్పలు వాలిపోతున్నాయి. మళ్ళీ టక్. మళ్ళీ వాలాయి.

“నా చేతిలో లేదు అల్లుడుగారూ,” అని దుప్పటి మడతపెట్టేశారు. “రేపూ ఇంతేనేమో. పోనీలెండి.”

ఆ ‘పోనీలెండి’ విన్నాక అన్నం సయించలేదు. రేపు రాయిలా నిలబడతాను. తీసి తీరతాను!

మూడో రోజు

పడిపోయాను. ఘోరంగా, అందరి ముందూ.

డప్పులు ఆగాయి. చౌరస్తా నిండా జనం, చప్పుడు లేదు. మేడ మీద అత్తగారు తాళంచెవి ఎత్తారు. ఎండ పడి మెరిసింది. తెరిచిన తలుపు! తాళంచెవి! మునిగిపోతున్నవాళ్ళు! ఇన్నేళ్ళూ నేను మొత్తుకుంటున్నది ఇదేగా! కెమెరా పట్టుకున్న చెయ్యి దానంతటదే పైకి లేచింది.

“సోదరులారా! తలుపు తెరిచే ఉంది! లోపలున్నవాళ్ళు జరగండి! బయటున్నవాళ్ళకి చోటివ్వండి!”

ముందు వరుస నిజంగానే జరిగింది. ఇక నన్ను ఆపేదెవరు?

ఆపింది రాణిగారు. మేడ మీంచి సగం కిందికి వంగి, “అల్లుడుగారూ! నోరు ముయ్యండి!”

చౌరస్తా గొల్లున నవ్వింది. దర్జీ ఆవిణ్ణి దించడానికి మెట్లెక్కి పరిగెత్తాడు. అత్తగారు చూశారు. నెమ్మదిగా తలుపు మూసి, నేను కోసిన తాళంచెవితో తాళం వేసేసుకున్నారు! అవతల దర్జీ తలుపు బాదుతున్నాడు. ఇవతల రాణిగారు జనానికి చెయ్యి ఊపుతున్నారు. నాటకంలో ఇదీ ఉందనుకుని ఒకటే చప్పట్లు.

ఫొటో మాత్రం తీయలేదు. అడిగింది ఒక్కటి. అదీ చేయలేకపోయాను.

అదే రోజు, సాయంత్రం

తీశాను! నాకు తెలియకుండానే తీశాను! మాట నొక్కి చెప్పినప్పుడల్లా పిడికిలి బిగించాను, వేలు మీట నొక్కేసింది. ఆకాశం. దీపస్తంభం. ఎవరిదో టోపీ. ఆ తర్వాత అత్తగారు! కిరీటం పక్కకి ఒరిగి, నా వైపు నిప్పులు కురిపిస్తూ, కళ్ళు ఇంతింత!

అత్తగారు చాలాసేపు చూశారు.

“నా కళ్ళు ఇంత పెద్దవా?”

“తిట్టేటప్పుడు ఇంకా పెద్దవవుతాయమ్మా,” అంది మా ఆవిడ.

“మీ అరుపుకి టక్కుమన్నది వినపడలేదు అల్లుడుగారూ. దీన్ని పెద్దది చేయించండి. ముందు గదిలో పెడదాం.”

తర్వాతి ఆదివారం

దర్జీ వచ్చాడు. వచ్చే ఏడూ రాణిగారు ఆవిడే కావాలని జనం పట్టుబట్టారట. “మీరు మాత్రం...” అని నా వైపు చేతులు జోడించాడు.

ఈ రోజు నుంచి మౌనం! వచ్చే పండగ ముగిసేదాకా వీధిలో ఒక్క ప్రసంగం కూడా చేయను. ఆమెన్.

ఫొటోకి ఫ్రేము కట్టే కొట్టులో ఇందాక చెప్పింది లెక్కలోకి రాదు. “ఈవిడ ఎవర్ని అలా చూస్తోందండీ?” అని ఆయనే అడిగాడు. స్టూలు వేసింది కూడా ఆయనే.