రాజు వేరు, లోహం వేరు

నగరి,
ఆగస్టు 3.

సురేంద్రా,

నాయనను రాస్తున్నాను. నువ్వు చల్లగా ఉండాలి.

ఫోనులో నాకు మాట రాదు, నీకు తెలుసు. "బాగుండావా, తింటివా" అన్నాక నా దగ్గర ఇంకేమీ మిగలదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. రోజూ నేసిన మీటర్లు రాసుకునే పుస్తకంలోంచి చించిన కాగితాలివి. గళ్లు చూసి నవ్వుకోవద్దు.

మొన్న మీ అమ్మ రేణిగుంటకు పోయి నిన్ను చూసి వచ్చింది కదా. నీ భుజానికి ఇప్పుడైనా ఆపరేషన్ కుదురుతుందేమో చూద్దాం రమ్మని తిరుపతి డాక్టరు అన్నాడని, నువ్వు పోనంటున్నావని చెప్పింది. "ఆ పొద్దు మద్రాసులో నాయన ఎందుకు వద్దన్నాడో చెప్పమను, అప్పుడు పోతా" అన్నావంట. అడిగే హక్కు నీకుంది. ఆరేళ్లు అడగకుండా ఉండటం నీ మంచితనం.

నీకు తెలిసిందే అయినా మొదటి నుంచి రాస్తాను. లేకపోతే నేను మధ్యలో ఆగిపోతాను.

మన షెడ్డులో నాలుగు పవర్‌లూం మగ్గాలు, ఒకటే కట్టుబాటు. మగ్గంలో చెయ్యి పెట్టేవాళ్లు ముందు దాని స్విచ్చుకు ఎర్ర గుడ్డ పీలిక కట్టాలి. కట్టినవాళ్లే విప్పాలి. అది పెట్టింది నేనే. ఆ రోజు కరెంటు పోయి మగ్గాలు ఆగాయి. నువ్వు మూడో మగ్గం కిందికి దూరి బెల్టు సరిచేస్తున్నావు. కరెంటు వచ్చింది. నేను వరసగా స్విచ్చులు వేసుకుంటూ పోయాను. మూడోది కూడా వేశాను. నీకప్పుడు పదిహేడేళ్లు.

తర్వాత చూస్తే పీలిక ఆ స్విచ్చు కిందే నేల మీద పడి ఉంది. చూడకుండా వేసిన నా చెయ్యి తగిలే అది ఊడింది. ఆ పీలిక గ్రీజు మరకతో సహా ఇప్పటికీ నా పుస్తకంలో ఉంది. ఆనాటి పేజీలో "మూడో మగ్గం, నాలుగు మీటర్లు" అని ఉంది. అంతే ఉంది.

మద్రాసు డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. భుజం గూడు ముక్కలైందనీ, దాని చోట టాంటలం అనే అరుదైన లోహంతో చేసిన గూడు పెడతామనీ, ఎముక దాన్ని తనదే అనుకుని దాంట్లోకి అల్లుకుంటుందనీ. సంతకం పెట్టమన్నాడు. నేను ఆ పేరు చీటీ మీద రాయించుకుని బయటికొచ్చాను. అర్థం కాని మాట రాసుకుని తర్వాత వెతుక్కోవడం నా అలవాటు. ఐదో తరగతితో ఆగినవాణ్ణి, నాకు వచ్చిన చదువంతా అట్లా వచ్చిందే. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఫోనులో వెతికాను. లోహం రాలేదు. రాజు వచ్చాడు.

టాంటలస్ అని గ్రీకు పురాణంలో ఒక రాజు. దేవతలను విందుకు పిలిచి, వాళ్లకు తెలుస్తుందో లేదో చూద్దామని కన్నకొడుకునే చంపి వండి పెట్టాడు. మిగతా దేవతలు కనిపెట్టి ముట్టలేదు. ఏదో దుఃఖంలో ఉన్న ఒక దేవత మాత్రం ఒక ముక్క తినేసింది. అది ఆ పిల్లవాడి భుజం. దేవతలు వాణ్ణి మళ్లీ బతికించి, భుజం చోట ఏనుగు దంతం అతికించారు. భుజం అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆ తర్వాత చదవలేదు.

తండ్రి చేతుల్లో పోయిన కొడుకు భుజం. ఆ తండ్రి పేరున్న లోహాన్ని నీ ఒంట్లో పెట్టించి, బతికినంత కాలం నీ చేత నన్ను మోయించాలా అనుకున్నాను. లోపలికి పోయి వద్దన్నాను. మీ అమ్మ నా చొక్కా పట్టుకుని, "ఎందుకో నోరు తెరిసి చెప్పు మనిషీ" అని ఊపేసింది. చెప్పలేదు. ఖర్చుకు భయపడ్డాడని ఊరు అనుకుంది. కాదనలేదు. నిజం కంటే ఆ నింద మోయడమే తేలికగా ఉండింది.

పోయిన వారం చిత్తూరు నుంచి మీ చిన్నాయన కూతురు రూపశ్రీ వచ్చింది. కాలేజీలో కెమిస్ట్రీ చెప్తుంది కదా, ఆ లోహం పేరు సంగతి మొదటిసారి ఆ అమ్మాయిని అడిగాను. పకపకా నవ్వింది.

"ఏం పెదనాయనా, వెంకటేశ్వరా పంచర్ అంగట్లో దేవుడొచ్చి గాలి కొడతాడా? ఎవురో పేరు పెట్టినారు, అంతే."

నా మొహం చూసి నవ్వు ఆపేసింది. పక్కన కూర్చుని చెప్పింది. ఆ రాజుకు పడిన శిక్ష గొంతు దాకా నీళ్లలో నిలబడటమంట. తాగుదామని వంగితే నీళ్లు తగ్గిపోతాయి. రెండు వందల ఏళ్ల కిందట స్వీడన్‌లో ఒకాయనకు ఈ లోహం దొరికింది. దాన్ని ఆమ్లంలో ముంచితే చుక్క కూడా పీల్చుకోలేదు. నీళ్లలో ఉండి తాగలేని ఆ రాజు గుర్తొచ్చి ఆ పేరు పెట్టాడు. కొడుకు, భుజం, విందు, వీటితో లోహానికి ఏ సంబంధమూ లేదు. ఒంట్లో తుప్పు పట్టదు, ఎముకతో కలిసిపోతుంది, అందుకే డాక్టర్లు వాడతారు. రాజు వేరు, లోహం వేరు. ఇంకో పది వరసలు చదివి ఉంటే నాకు ఆ మెట్ల మీదే తెలిసేది.

ఇదీ కారణం. ఇంత చిన్నది. దీనికోసం నీ చెయ్యి ఆరేళ్లుగా రొమ్ము దాటి లేవడం లేదు. డాక్టరు దగ్గరికి పో. ఆ లోహమే పెట్టిస్తానంటే పెట్టించుకో. ఆ తర్వాత నా మొహం చూడకపోయినా సరే.

నీ నాయన,
తులసీరాం.

*

రేణిగుంట,
ఆగస్టు 14.

నాయనా,

నీ ఉత్తరం గోడౌనుకే వచ్చింది. అట్టపెట్టెల మధ్య నిలబడి చదివినాను. మా సూపర్‌వైజరు జయరామ్ చూసి, "ఏమబ్బా, పెండ్లి సంబంధమా, కండ్లలో నీళ్లు పెట్టుకుండావు?" అన్నాడు. "కాదన్నా, ఒక లోహం గురించి" అంటే పిచ్చోణ్ణి చూసినట్టు చూసి పోయినాడు.

డాక్టరు దగ్గరికి పోయినాను. భుజం అంతా తడిమి, ఎక్స్‌రే ఫిలిం చూసినాడు. కండ ఎండిపోయిందంట. గూడు పెట్టినా దాన్ని లేపే బలం లేదంట. అప్పుడే చేసి ఉంటే కొంత లేచేదేమో అన్నాడు. ఇది నీకు చెప్పకుండా ఉండొచ్చు. కానీ ఆరేళ్లు ఒకటి దాచినాను, అది చాలు.

నాయనా, ఆ పీలిక నీ చెయ్యి తగిలి ఊడలేదు. నేను కట్టనే లేదు. కరెంటు లేదు గదా, రెండు నిమిషాల పనే గదా అనుకున్నాను. మేకుకు వేలాడే పీలిక తీసి, చేతులకంటిన గ్రీజు తుడుచుకుని కింద పడేసినాను. ఆ మరక నీ పుస్తకంలోనే ఉండాది. అన్నీ రాసుకునే నువ్వు, కట్టిన పీలికకు గ్రీజు ఎట్లా అంటిందని ఒక్కసారి కూడా అడగలేదు.

ఆసుపత్రిలో నాకు తెలివొచ్చినప్పుడు నువ్వు మంచం కాళ్ల దగ్గర నిలబడి, "నేనే సూసుకోలేదప్పా" అన్నావు. భయమేసింది. తలూపినాను. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటా ఉండగానే నువ్వు వద్దన్నావని అమ్మ చెప్పింది. ఇప్పుడు నీ ఉత్తరం చదివినాక తెలిసింది. ఆ పొద్దే నిజం చెప్పి ఉంటే నిన్ను నువ్వు ఆ రాజు అనుకునేవాడివి కాదు. సంతకం పెట్టేవాడివి. నా చెయ్యి చెడగొట్టింది నువ్వు కాదు, నీ ఫోనూ కాదు.

ఇన్నాళ్లూ నేను ఇంటికి రానిది నీ మీద కోపంతో కాదు. నా ముందు నువ్వు తల దించుకుని తిరుగుతుంటే చూడలేకపోయినాను. తల దించుకోవాల్సినవాణ్ణి నేను.

ఆ రాజు తెలిసి చేసినాడు. నువ్వు పీలిక లేని స్విచ్చు వేసినావు, నువ్వు పెట్టిన కట్టుబాటు ప్రకారమే. రాజు వేరు, లోహం వేరు అని రాసినావే, దాని కింద ఇంకో వరస రాసుకో. రాజు వేరు, నాయన వేరు.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తాను. మూడో మగ్గం ఆ రోజు నుంచి ఆగే ఉండాదని అమ్మ చెప్పింది. బెల్టు చూద్దాం. పీలిక నేనే కడతాను, ఎడమ చేత్తో ముడి వేయడం వచ్చింది నాకు. కుడి చెయ్యి రొమ్ము దాకే లేస్తుంది. నీ కాళ్లు పట్టుకునేదానికి అంత కూడా లేవాల్సిన పని లేదు.

నీ కొడుకు,
సురేంద్ర.