గిన్నె ఖాళీగా పంపరాదు

తాండూరు,
ఆగస్టు 1989

తమ్ముడు జహంగీర్‌కు ఆపా దువా. అల్లా దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. వికారాబాదులో మామూ, మామీ, నువ్వూ అలాగే ఉన్నారని తలుస్తాను.

మన అమ్మి మోకాలి నొప్పి గురించి అడిగావు. తగ్గింది. వానలకు రాళ్ల దుమ్ము కూడా అణిగింది.

నేను చదివిన నీ ఉత్తరం విని మీ బావ అన్నం ముందు నుంచి లేచాడు. మామూ కంప్యూటర్ తెర మీద బంతి ఎగిరిందనీ, భయపడి మిషన్‌లోదీ ఫ్లాపీలోదీ అంతా తుడిచేశావనీ, నీ ప్రాజెక్టు కూడా పోయిందనీ, పరీక్ష మానేసి ఇంటికొస్తాననీ రాశావు. రావద్దు. ముందు ఇది చదువు.

నాపరాళ్ల ఫ్యాక్టరీ లెక్కలకని మీ బావ ఇంట్లో పెట్టిన కంప్యూటర్‌లోనూ ఆ బంతి ఎగిరింది. పక్కింటి మొగులమ్మ మనవళ్లతో వచ్చి కూర్చుంది. "టికెట్ లేని సినిమా," అంది. మీ బావ పిలిపించిన హైదరాబాదు మెకానిక్ మాత్రం నవ్వలేదు. అది ఎవరో కావాలని రాసిన చిన్న ప్రోగ్రామట, వైరస్ అంటారట. ఫ్లాపీలో దాక్కుని వచ్చి, మిషన్‌లో దూరి, తర్వాత పెట్టిన ప్రతి ఫ్లాపీకీ అంటుకుంటుంది. ఈ బంతి ఫైళ్లను తినదు. తినేవి వేరే ఉన్నాయట. తుడిచినా అది మిగిలి ఉండొచ్చు, మీ బావ వచ్చేదాకా మిషన్ ముట్టకు.

ఇప్పుడు అసలు మాట. బంతి మీకు మా ఇంటి నుంచే వచ్చింది. బక్రీద్‌కు వచ్చినప్పుడు, చూడమని నీ ప్రాజెక్టు వేసి ఫ్లాపీ ఇచ్చావు కదా. మీ బావ దాన్ని తిరిగి పంపబోతే అమ్మి ఆపింది.

"గిన్నె ఖాళీగ పంపుతరా? ఇంటి బరకత్ పోతది. ఏమన్న వెయ్."

"అమ్మీ, అది గిన్నె కాదు."

"వచ్చింది, పోతది. గిన్నెనే."

మీ బావ నవ్వి, ఎవరి దగ్గరో తెచ్చిన చదరంగం ఆట అందులో వేశాడు. దాంతోనే బంతి వచ్చింది.

కానీ గిన్నెలో వచ్చింది మన గిన్నెలోకి ఒంపుకోకుండా అమ్మి ఎప్పుడు పంపింది? ఆట వేయకముందే నీదంతా మరో ఫ్లాపీలోకి దింపించింది. నిన్న మెకానిక్ పరీక్షించి, శుభ్రంగా ఉందన్నాడు. నీ ప్రాజెక్టు తెరుచుకుంది. మీ బావ గట్టిగా నవ్వాడు. మొగులమ్మ ఎందుకో తెలియకుండానే నవ్వింది. బక్రీద్ తర్వాత చేసింది అందులో లేదు, అది మళ్లీ చేసుకో.

ఆదివారం రైలుకు ఆ ఫ్లాపీని మీ బావ తెస్తున్నాడు. అమ్మి పక్కన కూర్చుని రాయమంటోంది: "ఏడ్చింది చాలు. అన్నం తిని పండుకో. పరీక్ష రాయకుంట మాత్రం ఇంటికి రాకు."

ఇట్లు,
నీ ఆపా
షాహజాది