సుందరానికి కొత్త బూర

ఏవండీ,

అమ్మకి జ్వరం తగ్గలేదని కబురొస్తే రెడ్డిగూడెం వెళ్తున్నాను. తిరిగి తిరువూరు వచ్చేసరికి ఆదివారమవుతుంది. అన్నం, పప్పు ఉట్టి మీద పెట్టాను.

రేపు బెజవాడలో సుందరానికి స్కౌటు బూర కొనేటప్పుడు ఇత్తడి మెరుపు చూసి మోసపోకండి. మీకు కొట్టువాడు ఏది చెబితే అదే వేదం. మన చిన్నోడింకా నేర్చుకునేవాడు, బూర తేలిగ్గా ఉండాలి. నోటికి ఆనించే చోట అంచు వెడల్పుగా ఉంటే పెదవి నొప్పెట్టదు. కొట్లోనే వాడి చేత ఊదించి, బుగ్గలు ఉబ్బించకుండా పలికితేనే తీసుకోండి.

"పెద్దోడి బూర ఇంట్లో ఉండగా ఇంకోటి దేనికే" అని మళ్లీ అనకండి. అది బరువు, వీడికి ఊపిరి చాలదు. అసలు సంగతి అదీ కాదు. పెద్దోడు పోయి ఏడాది దాటినా, ఆ బూర వీధిలో మోగితే వాడే వచ్చాడని నేను వంటింట్లోంచి లేచొస్తాను.

మరిచాను. క్రిస్మస్‌కి ఇత్తడి సామానంతా చింతపండుతో తోమడానికి కోటమ్మ వస్తుంది. పెట్టెలో ఉన్న ఆ బూర మాత్రం ఇవ్వకండి. వాడు నోరు ఆనించిన చోట చిలుము పట్టింది. పట్టనివ్వండి.