బానెట్ మీద చెయ్యి

మాస్టారు గారికి నమస్కారమండి.

రేపు ఆరాధన అయ్యాక పాస్టరు గారితో ప్రార్థన చేయించి, నగరంలో చూసిన పాత కారు తాళం తీసుకుంటారని మీ ఇంటావిడ స్టెల్లా అమ్మగారు సంబరంగా చెప్పేరు. ప్రార్థన జరిగాక మీరు కొంటానన్న మాట తప్పరు. అందుకే ఈ ఉత్తరం.

అది పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజనండి. గాలి లోపలికెళ్ళే వాల్వుల నిండా మసి పేరుకుంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే బండంతా వణుకుతుంది. వేడెక్కితే ఏమీ తెలియదు. తెల్లారే వెళ్ళి ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. చల్లగా ఉంటే స్టార్ట్ చేయించి ఆ వణుకు మీరే చూడండి; వెచ్చగా ఉంటే తిరిగొచ్చేయండి. వారానికి రెండుసార్లు అమ్మగారిని డయాలసిస్‌కి తీసుకెళ్ళాల్సిన బండి దారిలో ఆగకూడదండి.

మొన్న మీరు చూడ్డానికి వచ్చేముందు, అరగంట ఇంజను తిప్పి వెచ్చబెట్టిన మెకానిక్కుని నేనే.

ఇట్లు,
మీ దగ్గర ఆరో తరగతి చదువుకున్నవాణ్ణి.